మొండి మాటల పేజీ

మొన్న ఆగస్టు పదిహేనుకి మా ఊరి హైస్కూలు పిల్లలకి బహుమతులు కొందామని కాశీబుగ్గ వెళ్లాను. డిక్షనరీలు ఇద్దామనుకున్నాను. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఏ బడి వార్షికోత్సవమైనా మొదటి బహుమతి అదే. రెండోది స్టీలు గ్లాసు, మూడోది సబ్బుపెట్టె. చిన్నప్పటినుంచీ నేను పుస్తకాలు కొనుక్కున్న కొట్టుకే వెళ్లాను. ఇప్పుడు అక్కడ అప్పటి యజమాని కొడుకు కూర్చుంటున్నాడు.

"డిక్షనరీలా బాబూ? ఎవులడగతన్నారిప్పుడు? తెప్పించడం మానీసినాం. అన్నీ ఫోన్లోనే ఉంటన్నాయి గదా" అన్నాడు, మర్యాదగానే.

గైడ్లున్నాయి, టెస్టు పేపర్లున్నాయి, రంగురంగుల పెన్నులున్నాయి. డిక్షనరీ మాత్రం లేదు. టెక్కలిలో మరో రెండు కొట్లు తిరిగాను. ఒకచోట అట్ట వెలిసిపోయిన పాకెట్ డిక్షనరీ ఒకటి పై అరలోంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చారు. దానిమీద పాత ధరే ఉంది.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే పోయింది ఆ పుస్తకం ఒక్కటే కాదనిపించింది. దాని చుట్టూ ఒక పని ఉండేది. ఇంగ్లీషు మాటని దాని అర్థంతో జతకలిపే పని. పలాస, టెక్కలి, సోంపేట, కవిటి పరిసరాల్లో కనీసం రెండు తరాల కుర్రాళ్లు రోజూ పొద్దుగూకాక చేసిన పని అది. దానికి పనిముట్లున్నాయి, నియమాలున్నాయి, పందేలున్నాయి. దానికో చప్పుడు కూడా ఉండేది. దీపాలు పెట్టే వేళ వీధిలో నడిస్తే అరుగు అరుగు మీంచీ ఒకే రాగం వినిపించేది. మాట, చిన్న విరామం, అర్థం. మళ్లీ మాట, విరామం, అర్థం. కొబ్బరితోటల అవతల సముద్రం హోరు. ఆ రాగం ఎప్పుడు ఆగిపోయిందో మా ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

*

దాన్ని మేం మీనింగుల పుస్తకం అనేవాళ్లం. కొత్తది కొనేవాళ్లు తక్కువ. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసేవాళ్లం. ప్రతి పేజీనీ నిలువుగా సగానికి మడిచి, ఆ మడతమీద గోరుతో గట్టిగా రాస్తే గీత పడేది. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. చదివేటప్పుడు కుడిసగం వెనక్కి మడిస్తే అర్థం కనబడదు. మాట చూసి అర్థం చెప్పాలి. రెండోసారి ఎడమసగం మడిచి, అర్థం చూసి మాట చెప్పాలి. ఈ రెండోది కష్టం. ఇంగ్లీషు మాస్టారు దాన్నే లెక్కలోకి తీసుకునేవారు.

తప్పిన ప్రతిసారీ ఆ మాట పక్కన ఎర్రసిరాతో ఒక చుక్క. అయిదు చుక్కలు పడితే ఆ మాటని అక్కడ కొట్టేసి, పుస్తకం చివరి పేజీలోకి ఎక్కించాలి. దాని పేరు మొండి మాటల పేజీ. ఎవరి మొండి మాటలు వాళ్లవి. ఒకడికి తేలిగ్గా వచ్చింది ఇంకొకడికి ఎన్నాళ్లయినా వచ్చేది కాదు. పక్కవాడి మొండి మాటల పేజీ చూస్తే వాడి బుర్ర ఎక్కడ ఆగుతుందో తెలిసిపోయేది. అందుకే ఆ పేజీ ఎవరికీ చూపించేవాళ్లం కాదు.

మాకు ఏబీసీడీలు మొదలైందే ఆరో తరగతిలో. పదో తరగతి దాకా మాటకి తెలుగు అర్థం రాసుకుంటే చాలు. శంకరనారాయణ డిక్షనరీ ఒకటి పంచాయతీ లైబ్రరీలో ఉండేది. దాన్ని ఇంటికి ఇచ్చేవారు కాదు, అక్కడే కూర్చుని ఎత్తి రాసుకోవాలి. పది పాసయ్యాక మాత్రం మా ఇంగ్లీషు మాస్టారు ఒక నియమం పెట్టారు. ఇంగ్లీషుకి ఇంగ్లీషే. కుడివైపు సగంలో తెలుగు అక్షరం కనబడకూడదు. మాట ఎంత పెద్దదైనా దాని అర్థం చిన్నచిన్న ఇంగ్లీషు మాటల్లో ఉండాలి. "తెలుగులో అర్థం రాస్తే తెలుగే గుర్తుంటాది గానీ ఇంగ్లీషు గుర్తుండదురా. చిన్న ఇంగ్లీషు మాటల్తో పెద్ద ఇంగ్లీషు మాటని పట్టాల" అనేవారాయన. పరీక్షల్లో వచ్చే ఒన్ వర్డ్ సబ్‌స్టిట్యూట్లన్నీ అలాంటివే గదా. అన్నీ తెలిసినవాడు ఆమ్నిషియెంటు, అంతటా ఉండేవాడు ఆమ్నిప్రెజెంటు, ఏదైనా చెయ్యగలిగినవాడు ఆమ్నిపొటెంటు. ఈ మూడూ కలగలిపి ఇస్తే విడదీయలేక తలపట్టుకున్న రోజులున్నాయి.

ఆయన దగ్గర నార్మన్ లూయిస్ రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ ఉండేది. 1949లో అమెరికాలో అచ్చయిన పుస్తకం. ఇవాళ్టికీ మనదేశంలో పోటీ పరీక్షల పిల్లల చేతుల్లో కనిపిస్తుంది. అప్పట్లో మా వైపు దొరికేది కాదు. విశాఖపట్నంనుంచి ఎవరో తెచ్చిపెట్టిన ఒక్క కాపీ. చదవాల్సినవాళ్లు చాలామంది. మాస్టారు ఏం చేశారంటే, బ్లేడుతో కుట్లు కోసి, ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడదీసి, దేనికది బ్రౌన్ పేపరు అట్ట వేశారు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఇంట్లో వారం ఉండేది. ఆదివారం పొద్దున్న మార్చుకోవడం. పుస్తకం మొత్తం ఒక్కచోట మేం ఎప్పుడూ చూడలేదు. ఎవరికి ఏ అధ్యాయం ముందు దొరికితే వాళ్లకి పుస్తకం అక్కడ మొదలు.

అందరూ కొట్టుకునేది డాక్టర్ల అధ్యాయం కోసం. అందులో పదిమంది డాక్టర్లుంటారు. చర్మానికి డెర్మటాలజిస్టు, కంటికి ఆఫ్తల్మాలజిస్టు, గుండెకి కార్డియాలజిస్టు, పిల్లలకి పీడియాట్రిషియను, ఇలా పది. జ్వరమొస్తే ఆరెంపీ దగ్గరకీ, ఇంకా ఎక్కువైతే బండిమీద పలాసకీ వెళ్లే ఊళ్లో, ఒంట్లో ఒక్కో భాగానికి ఒక్కో డాక్టరుంటాడన్న సంగతే మాకు వింత. ఆ పది పేర్లూ ఒక్క మాట తప్పకుండా అప్పచెప్పేవాళ్లం.

మాటల్ని మూలాల్లోకి విడగొట్టడం కూడా ఆ పుస్తకమే నేర్పింది. ఫిల్ అంటే ప్రేమ, ఆంత్రోపోస్ అంటే మనిషి, రెండూ కలిస్తే ఫిలాంత్రపీ. సంస్కృతంలో ధాతువులు తెలిసిన మాస్టారికి ఇది వెంటనే పట్టుబడింది. మాకూ ఆయన ధాతువుల లెక్కలోనే చెప్పారు. గ్రీకు, లాటిన్ అంటే ఎక్కడివో తెలియకుండానే ఉద్దానం కుర్రాళ్ల పుస్తకాల్లో గ్రీకు, లాటిన్ ముక్కలు చేరాయి.

ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే చిన్నాన్న సెలవుకి వచ్చినప్పుడల్లా రీడర్స్ డైజెస్టు పాతసంచికలు తాడుతో కట్టి తెచ్చేవాడు. 1954నుంచి మనదేశంలోనే అచ్చవుతున్న పత్రిక. అందులో మాటల పేజీ 1945లో అమెరికాలో విల్‌ఫ్రెడ్ ఫంక్ మొదలుపెట్టింది. తర్వాత ఆయన కొడుకు పీటర్ ఫంక్ నడిపాడు. ఒక్కో మాటకి నాలుగు అర్థాలిచ్చి సరైనది పట్టుకోమంటారు. జవాబులు వెనకపేజీలో ఉంటాయి. చిన్నాన్న తేకముందే ఎవరో పెన్సిల్‌తో టిక్కులు పెట్టేసేవారు. ముందు ఆ టిక్కులన్నీ రబ్బరుతో చెరపడం మా పని.

*

ఒక్కడే కూర్చుని చదివితే నిద్రొస్తుంది. అందుకని ఆట పుట్టింది. ఎవరు కనిపెట్టారో తెలియదు. మందసలో ఒకలా, వజ్రపుకొత్తూరు వైపు ఒకలా ఆడేవారని తర్వాత తెలిసింది. మా ఊరి పద్ధతి చెబుతాను.

పాత శుభలేఖలు పోగుచేయాలి. మామూలు కాగితం గాలికి ఎగిరిపోతుంది, మా దగ్గర గాలి ఎక్కువ. శుభలేఖ అట్ట మందం. దాన్ని అగ్గిపెట్టంత ముక్కలుగా కత్తిరించి, కొన్నిటిమీద మాటలు, కొన్నిటిమీద అర్థాలు రాయాలి. ముక్క వెనకవైపు పెళ్లికొడుకు పేరో, సుముహూర్తమో, పసుపు మరకో ఉండేది. ఆరితేరినవాళ్లు ఆ వెనక గుర్తులుబట్టి ముక్కని పోల్చేసేవారు. దాంతో వెనకవైపు బొగ్గు రాయాలన్న నియమం వచ్చింది.

ముక్కలన్నీ చాటలో వేసి కలిపి, ఇసకలో రెండు వరసలుగా బోర్లించాలి. ఎడమ వరస మాటలు, కుడి వరస అర్థాలు. ఒకడు ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి తిప్పి, రెండూ గట్టిగా చదవాలి. జత కుదిరితే ముక్కలు వాడివి. కుదరకపోతే ఎక్కడున్నవి అక్కడే బోర్లించాలి. జత కుదిరిందో లేదో నలుగురూ ఒప్పుకోవాలి. వాదన తెగకపోతే ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని మాస్టారింటికి పరుగు.

పందెం జీడిపిక్కలు. వేసవిలో ఉద్దానంలో పిల్లలందరి జేబుల్లో ఉండేవి అవే. తోటలో రాలినవి ఏరితే కూలి లెక్క, నాలుగు జేబులో వేసుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒక జతకి రెండు పిక్కలు. మొండి మాట జతైతే నాలుగు. ఆట ముగిసేసరికి ఒకడి చొక్కాజేబు కిందికి వేలాడేది, ఇంకొకడిది ఖాళీ. గెలిచిన పిక్కలు కాల్చుకు తినేవాళ్లం. పిక్క కాలేటప్పుడు చిట్లి నూనె చిమ్ముతుంది, తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ నల్లమచ్చలు చేతులమీద ఉన్నవాళ్లు మా తరంలో చాలామంది ఉన్నారు.

ఒక సాయంత్రం పోస్ట్యుమస్ అన్న ముక్క లేచింది. దాని జత కుడివరసలో ఎక్కడో ఉంది. తండ్రి చనిపోయాక పుట్టిన బిడ్డ అని దాని అర్థం. మాలో ఒకడు అలాంటివాడే. వాడు కడుపులో ఉండగానే వాళ్ల నాన్న వేటకెళ్లి సముద్రంలో పోయాడు. ఎవరం నోరెత్తలేదు. వాడే కుడివరసలో చేయిపెట్టి, సరిగ్గా ఆ ముక్కే తిప్పి, రెండూ కలిపి చదివాడు. "నాలుగు పిక్కలు పెట్టండ్రా" అన్నాడు. పెట్టాం. ఆ మాట మళ్లీ మా ఎవరి మొండి మాటల పేజీలోకీ రాలేదు.

*

మాటలు పుస్తకాల్లోంచే రావాలని లేదు. పలాస స్టేషనుంది. హౌరా మెయిలు ఆగేది. కలకత్తానుంచి వచ్చేవాళ్లు చదివి వదిలేసిన స్టేట్స్‌మన్ పత్రికలు బోగీల్లో సీట్ల కింద పడి ఉండేవి. టీ అమ్మే కుర్రాళ్లు వాటిని ఏరి బజ్జీల బండికి అమ్మేవారు. బజ్జీ తిని, నూనె పీల్చిన ఆ ముక్క ఎండలో పెట్టి చూస్తే అక్షరాలు రెండువైపులవీ కలిసి కనబడేవి. సంపాదకీయం ముక్క దొరికితే అదృష్టం. పెద్దమాటలన్నీ అందులోనే ఉంటాయి.

రాత్రి తొమ్మిదికి రేడియోలో ఇంగ్లీషు వార్తలు. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు తెలుగు వార్తలకి ఊరంతా ఉంటే, ఇంగ్లీషు వార్తలకి మేం నలుగురమే మిగిలేవాళ్లం. సుర్జీత్ సేన్, బరుణ్ హాల్దార్ గొంతులు ఇప్పటికీ గుర్తుపట్టగలను. పుస్తకంలో చూసిన మాట రేడియోలో వినబడితే, పక్కవాడి తొడమీద చరిచేవాళ్లం. రాసేటప్పుడు ఒకలా, పలికేటప్పుడు ఇంకోలా ఉంటుందని తెలిసింది అక్కడే. సైలెంటు అక్షరాల సంగతి రేడియో లేకపోతే మాకు తెలిసేదే కాదు.

టెక్కలి కాలేజీకి వెళ్లేవాళ్లకి ఇంకో చోటుంది. నౌపడానుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి, గుణుపూరు వెళ్లే చిన్నరైలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. నేరో గేజీ కాబట్టి పెట్టెలు ఇరుకు, మోకాళ్లు మోకాళ్లూ తగిలేవి. నడక కూడా అంతంతమాత్రం. ఎదురుగా కూర్చున్నవాడి పుస్తకం వీడి చేతిలో, వీడి పుస్తకం వాడి చేతిలో. దిగే స్టేషను వచ్చేలోపు ఒక పేజీ అప్పచెప్పాలి. 2004లో ఆ లైను ఆపేశారు. తర్వాత బ్రాడ్‌గేజీగా మళ్లీ మొదలైంది.

ఆ రైలు వెళ్లే పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పంతులుపని చేశారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరూ తలుచుకుంటారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన సవరభాషకి చేసింది మా వైపు కూడా తక్కువమందికి తెలుసు. లిపి లేని ఆ భాషని సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. మాట విని, అర్థం అడిగి, రాసి, మళ్లీ వాళ్లకే వినిపించి సరిచూసుకున్నారు. 1931లో సవరభాషకి వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మేం రెండు నిలువు వరసల్లో ఎత్తి రాసుకున్న పని పక్కనే, ఎడమవైపూ కుడివైపూ రెండూ ఖాళీగా ఉన్న పుస్తకం పట్టుకుని అడవికెళ్లిన మనిషి ఆయన. మా మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మారిపోయేది.

*

ఇంత తాపత్రయం ఎందుకంటే ఉద్యోగం కోసం. మా నేలలో కొబ్బరి, జీడి, పనస పండుతాయి. తోటలున్నవాళ్లకి తిండికి లోటుండదు, లేనివాళ్లకి వలసే దారి. తాతల తరం రంగూన్ వెళ్లింది. నాన్నల తరం ఖరగ్‌పూర్, కలకత్తా, అండమాన్. మా తరానికి బ్యాంకు, రైల్వే, సైన్యం. బ్యాంకు పరీక్షలో ఇంగ్లీషు పేపరు మమ్మల్ని ఆపేది. లెక్కలు ఎవరికైనా వస్తాయి, పర్యాయపదాలూ వ్యతిరేకపదాలూ దగ్గరే తెలుగు మీడియం కుర్రాడు తేలిపోయేవాడు. మీనింగుల పుస్తకం ఆ అడ్డంకిని దాటడానికి మేం కట్టుకున్న వంతెన.

పరీక్ష విశాఖపట్నంలో, ఆదివారం. శనివారం రాత్రి ప్యాసింజరెక్కి, తెల్లారకముందే దిగి, స్టేషను కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ప్లాట్‌ఫారం బల్లలమీద మళ్లీ పుస్తకాలు మడిచేవాళ్లం. అక్కడికి ఇచ్ఛాపురంనుంచి, పాలకొండనుంచి, బొబ్బిలినుంచి వచ్చినవాళ్లు కూడా అదే పని చేస్తుండేవారు. ఎవరి పుస్తకం చూసినా నిలువుగా మడతే. మాట కలపడానికి పేరు అడగక్కర్లేదు, ఒక మాట అర్థం అడిగితే చాలు. నాకు పాతికేళ్లుగా ఉన్న ఒక స్నేహం అలా మొదలైందే.

ఊళ్లోనూ ఆ చదువుకి ఒక వాడకముండేది. తంతి వస్తే చదివిపెట్టడం. 2013 జులైలో తంతి సేవ ఆగిపోయింది కాబట్టి ఇప్పటి పిల్లలకి దాని భయం తెలియదు. తంతి వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలయ్యేది. దూరదేశంలో ఉన్న కొడుకు సంగతో, అల్లుడి సంగతో నాలుగైదు ఇంగ్లీషు ముక్కల్లో ఉంటుంది. పోస్టుమాను చదివి చెప్పినా నమ్మక, మా దగ్గరకి తెచ్చేవారు. "ఇంకోపాలి సూడు బాబూ, అదేనా?" అని అడిగేవారు. ముక్కలు ఇసకలో తిప్పేవేళ ఉన్న సరదా ఆ కాగితం పట్టుకున్నప్పుడు ఉండేది కాదు. ఉద్యోగం వచ్చిందన్న తంతులు కూడా చదివాను. అవి తక్కువ.

*

మా అప్ప గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ.

అప్ప, అంటే మా అక్క, అయిదో తరగతితో ఆగిపోయింది. కాశీబుగ్గ జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లలో ఆమె ఒకతె. పప్పుమీది పొర గీకే పని. ముక్క కాకుండా గుండు పప్పు గుండులానే రావాలి, ముక్కైతే ధర పడిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, గడపమీద కూర్చుని నన్ను అప్పచెప్పమనేది. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు. పుస్తకం ఆమె చేతిలో కాదు, నా ఒళ్లోనే ఉండేది. నేను మాట పలికి, అర్థం చెప్పేవాణ్ణి. తప్పు చెబితే "కాదు" అనేది.

మొదట్లో నేను నమ్మలేదు. ఎలా తెలుసని అడిగితే "మొన్న ఆ మాటకి ఇంకో మాట సెప్పినావు" అంది. ఆమెకి ఆ మాటల అర్థం తెలియదు. ఏ చప్పుడు పక్కన ఏ చప్పుడు రావాలో మాత్రం తెలుసు. రెండు వందల జతలైనా చెవిలో పెట్టుకుని ఉంటుంది. నేను నిద్రమత్తులో ఒక అక్షరం మింగేసినా పట్టుకునేది. వేళ్లమీద పప్పుపొర అంటిన మరక ఉండగానే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టేది, ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు. మాస్టారి దగ్గర కంటే ఆమె దగ్గర అప్పచెప్పడం నాకు భయం.

నాకు ఉద్యోగం వచ్చింది. అప్ప బట్టీకి వెళ్లడం మానలేదు. మా ఇంట్లో పరీక్ష రాయాల్సినవాళ్లు ఇద్దరుంటే ఒక్కణ్ణే కూర్చోబెట్టారు. అది ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా అంతే అని సర్దిచెప్పుకోవడం నాకు చేతకాదు. ఆ ఆటలో, ఆ అరుగులమీద, ఆ ప్లాట్‌ఫారం బల్లలమీద ఒక్క ఆడపిల్ల లేదు. ఇవాళ మా ఊరి హైస్కూల్లో మొదటి ర్యాంకులన్నీ ఆడపిల్లలవి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి వెళ్లినవాళ్లున్నారు. అప్ప మనవరాలు ఫోనుతో ఇంగ్లీషులో మాట్లాడి, దానిచేత జవాబు చెప్పించుకుంటోంది. పాతరోజులు తిరిగిరావాలని ఎవరైనా అంటే నేను ఈ ఒక్క కారణానికి ఒప్పుకోను.

*

మా తర్వాతివాళ్లు ఇదే పనిని ఇంకో ఎత్తుకి తీసుకెళ్లారు. 2001లో టెక్కలిలో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. అక్కడ చదివి అమెరికా వెళ్లాలనుకున్నవాళ్లు జీఆర్ఈ పరీక్ష కోసం బారన్స్ పుస్తకంలో మూడువేల అయిదువందల మాటల పట్టిక బట్టీపట్టారు. అది చూసి మా మాస్టారు, అప్పటికి రిటైరయ్యారు, చాలా సంతోషించారు. ఈనాడు ప్రతిభ పేజీల్లో ఎం. సురేశన్ స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు కత్తిరించి పుస్తకాలు కుట్టుకున్నవాళ్లూ ఆ కాలంవాళ్లే. 2011 ఆగస్టులో జీఆర్ఈ మారింది. విడిమాటకి వ్యతిరేకపదం అడగడం తీసేశారు. వాక్యంలో పెట్టి అడగడం మొదలైంది. అదే ఏడాది బ్యాంకులకి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష వచ్చింది, నెమ్మదిగా అన్నీ కంప్యూటరుమీదికి వెళ్లాయి. ఫోన్లు వచ్చాయి. అక్కడితో మడతపేజీ పని అయిపోయింది.

పరీక్ష మార్చినవాళ్లది తప్పనను. మాట వాక్యంలో ఉంటేనే ప్రాణంతో ఉంటుంది. మాకు వేలమాటలు వచ్చు, ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారితో రెండు వాక్యాలు తడబడకుండా మాట్లాడలేకపోయినవాళ్లు మాలో ఎక్కువ. చెవికి అందని మాటల్ని కంటితోనే పోగుచేశాం. ఈనాటి పిల్లలకి ఉచ్చారణ వినబడుతుంది, వాడకం కనబడుతుంది, నిఘంటువులు ఊరకే దొరుకుతాయి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో బ్రౌన్, శంకరనారాయణ లాంటివన్నీ ఒకేచోట వెతుక్కోవచ్చు. లైబ్రరీ మూసేలోపు ఎత్తి రాసుకోవాలని చెమటలు పట్టిన మాకు అది ఎంత పెద్ద వరమో వాళ్లకి చెప్పినా తెలియదు.

పోయిందేమిటంటే కలిసి కూర్చోవడం. ఒక మాటకి అర్థం ఇదా అదా అని నలుగురు కుర్రాళ్లు వాదించుకుని, లాంతరు పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తడం. ఇప్పుడు ఎవరి జవాబు వాళ్ల అరచేతిలో దొరుకుతోంది. అప్పచెప్పించుకునే మనిషి అక్కర్లేదు. అక్షరం రాకపోయినా చదువులో పాలుపంచుకున్న మా అప్పలాంటివాళ్లకి ఇప్పటి చదువులో చోటులేదు. పిల్లాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అమ్మకి వినబడేదేమీ లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. డాక్టర్ల అధ్యాయంలో పదిమంది ఉంటారన్నాను. ఆ పదిమందిలో నెఫ్రాలజిస్టు లేడు. ఉద్దానానికి కావలసిన డాక్టరు ఆయనే. తొంభైల దాకా మా వైపు కిడ్నీ జబ్బు ఇంతగా ఉందని పైవాళ్లకి తెలియలేదు. దాని కారణం ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఇవాళ కవిటిలోనో సోంపేటలోనో ఏ ఇంటి అరుగుమీద కూర్చున్నా సీరం క్రియాటినిన్, డయాలసిస్ అన్న మాటలు వినబడతాయి. సంతకం పెట్టలేని ముసలమ్మలు కూడా అంకె ఎంత దాటితే ప్రమాదమో చెబుతారు. అవి వాళ్లు ఏ పుస్తకం మడిచి నేర్చుకున్నవీ కావు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడ వరండాలో రిపోర్టు చేతిలో పట్టుకుని, పక్కవాళ్లని అర్థం అడుగుతున్న మనుషుల్ని చూశాను. చదివి చెప్పగల కుర్రాళ్లు పక్కనే ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్లని తప్పుపట్టడం లేదు. అడిగితే వెంటనే లేచి చెబుతారు. అడగాలని పెద్దవాళ్లకి తోచడం లేదు, అంతే.

*

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మా ఊళ్లో రేకులెగిరిపోని ఇల్లు లేదు. తరాలనాటి కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. అటకలమీది ట్రంకుపెట్టెల్లో ఉన్న కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. నా మీనింగుల పుస్తకాలూ అందులోనే పోయాయి. మాస్టారు విడదీసిన నార్మన్ లూయిస్‌లో డాక్టర్ల అధ్యాయం ఒక్కటే, మరొకరింట్లో ఉండబట్టి మిగిలింది.

అందుకే ఇది చదివేవాళ్లని ఒకటి అడుగుతున్నాను. పలాస, టెక్కలి, మందస, సోంపేట, కవిటి, ఎక్కడివాళ్లైనా సరే. మీ ఇంట్లో నిలువుమడత పుస్తకమో, శుభలేఖ ముక్కల కట్టో, పేపరు కత్తిరింపుల నోటుబుక్కో ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. మీ ఊరి హైస్కూలు లైబ్రరీకి ఇవ్వండి. మీరు అప్పచెప్పినప్పుడు విన్నవాళ్లు ఇంకా ఉంటే, వాళ్ల పేరు కూడా అట్టమీద రాసి ఇవ్వండి.